మడి వెంట నడిచే కోడిగూడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాపు అయిపోయిన కూరగాయల మడిని కోళ్లే గెలికి ఎరువు వేసేలా, మడుల మీదికి జరుపుకునే కోడిగూళ్ల గురించి హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నలకే ఈ నెల పేజీలన్నీ కేటాయించాం. ఒకే సంగతిని ముగ్గురు నలుగురు అడిగిన చోట ఒకరి ప్రశ్నే వేశాం.

ప్రశ్న: మాది 200 గజాల ఇల్లు. వెనక నాలుగు మడులున్నాయి. ఒక్కొక్కటి 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, చుట్టూ ఇటుక వరస. నాలుగు పెట్టలకు గూడు చేయించాలని వెల్డింగ్ షాపుకు వెళ్తే 8x5 అడుగులైతే బాగుంటుందన్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: వద్దు. ముందు టేపు తీసుకెళ్లి మడిని కొలవండి. గూడు కొలత అక్కడి నుంచే పుడుతుంది. 8x5 గూడు మీ మడి మీద కూర్చోదు. సగం దారిలో, సగం పక్క మడి మీద ఉంటుంది. ఇటుకకూ నేలకూ మధ్య సందులు మిగులుతాయి, ఆ సందుల్లోంచే ముంగిస దూరుతుంది. పైగా ఆ సైజు గూటిని ఇద్దరు ఎత్తలేరు. ఎత్తలేని గూడు రెండు వారాల్లో మామూలు గూడైపోతుంది.

మీ ఇటుకలు పడుకోబెట్టి పేర్చినవైతే వాటి వెడల్పు 4 అంగుళాలు. గూడు అడుగు చట్రం ఇటుక నడిమధ్యన ఆనాలి. అంటే బయటి కొలత 4 అడుగుల 4 అంగుళాలు, 6 అడుగుల 4 అంగుళాలు. ఎత్తు 3 అడుగులు చాలు. వెల్డు జాలీ 3 అడుగుల చుట్టల్లో దొరుకుతుంది కాబట్టి పక్కలకు కత్తిరింపు వృథా ఉండదు. లోపల ఒక్కో కోడికి 6 చదరపు అడుగులు వస్తాయి. కదలని గూటికి ఇది ఇరుకే, మూడు నాలుగు రోజులకోసారి జరిపే గూటికి సరిపోతుంది.

ఇక బరువు. అంగుళం చదరపు ఇనుప పైపు 16 గేజుదైతే అడుగుకు దాదాపు 360 గ్రాములు తూగుతుంది, 18 గేజుదైతే 280 గ్రాములు. గేజు అంకె పెరిగితే రేకు పలచన అని గుర్తుంచుకోండి, షాపులో ఇక్కడే తికమక పడతారు. కింద చట్రం, పై చట్రం, ఆరు నిలువు కాళ్లు, తలుపు, ఒక అడ్డు పట్టీ కలిపి సుమారు 72 అడుగుల పైపు పడుతుంది. 16 గేజులో అది 26 కిలోలు, 18 గేజులో 20 కిలోలు. మీకు 18 గేజు చాలు. కింది చట్రం మాత్రం 16 గేజులో చేయించండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. జాలీ, రాత్రి పెట్టె, కప్పు అన్నీ కలిసినా 45 కిలోలు దాటనివ్వకండి. ఇటుక వరస ఉన్న మడులకు చక్రాలు పనికిరావు. రెండు చివరలా రెండేసి పిడులు పెట్టించి పల్లకీలా ఇద్దరు మోయాలి. ఇటుకల్లేని చదును మడులైతే ఒక చివర 8 లేదా 10 అంగుళాల చక్రాలు రెండు, అవతలి చివర పిడులు పెట్టుకుంటే ఒక్కరే తోసుకుపోవచ్చు.

రాత్రి పెట్టె ఒక చివర, నేల నుంచి అడుగున్నర ఎత్తులో, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. అందులో ఒక కర్ర. పెట్టలు దాని మీదే పడుకుంటాయి. ఒక్కోదానికి 8 నుంచి 10 అంగుళాలు కావాలి, నాలుగింటికి 40 అంగుళాలు, కాబట్టి 4 అడుగుల కర్ర సరిపోతుంది. కర్ర 2 అంగుళాల మందం ఉండి అంచులు గుండ్రంగా చెక్కినదై ఉండాలి. ప్లాస్టిక్ పైపు వద్దు, కాళ్లు జారతాయి. గుడ్ల పెట్టె అన్ని వైపులా 12 అంగుళాలది ఒక్కటి చాలు. అది కర్ర కన్నా కిందే ఉండాలి. కోళ్లు రాత్రి ఎత్తైన చోటే వెతుక్కుంటాయి. గుడ్ల పెట్టె పైన ఉంటే అందులోనే పడుకుని పొద్దున్నకల్లా రెట్టతో నింపేస్తాయి, గుడ్లన్నీ మురికి. పెట్టెకు ఎదురెదురు గోడల్లో పైభాగాన 6 అంగుళాల మేర జాలీ వదలండి. గాలి కోడి తల మీదుగా పోవాలి, ఒంటి మీద కొట్టకూడదు.

జాలీ విషయంలో ఒక్కటే మాట. ఆరు పలకల సన్న తీగ జాలీని కోళ్ల జాలీ అని అమ్ముతారు. అది కోడిని లోపల ఉంచుతుందే తప్ప కుక్కను బయట ఉంచదు. అరంగుళం కన్ను వెల్డు జాలీ అడగండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది.

ప్రశ్న: మా అత్తమ్మ ఊళ్లో కోళ్లను గంప కిందే మూసేవారు. ఈ ఇనుప గూళ్ల కన్నా అదే నయం కదా?
– నాగారం

జవాబు: జరుపుకునే గూడు అన్న ఆలోచన గంపలోనే ఉంది. పిల్లల కోడిని పగలు గద్దల నుంచి, కాకుల నుంచి కాయడానికి వెదురు గంపను మించింది ఇప్పటికీ లేదు. దాన్ని రెండు గంటలకోసారి జరపండి. రాత్రికి మాత్రం వద్దు. వీధికుక్క ముట్టెతో ఒక్క తోపు తోస్తే గంప తిరగబడుతుంది. పైన రాయి పెట్టినా పందికొక్కు కింద నుంచి తవ్వుతుంది.

ప్రశ్న: వంగ మొక్కలు తీసేశాక ఆ మడి మీద ఆరు కోళ్లతో గూడు మూడు వారాలు ఉంచాం. తర్వాత పాలకూర, ముల్లంగి చల్లితే మొలకలు సగం రాలేదు, వచ్చినవి అంచులు మాడిపోయాయి. కోడిపెంట బలం అంటారు కదా, ఏం తప్పు చేశాం?
– ఘట్‌కేసర్

జవాబు: బలం ఎక్కువైంది. ఒక పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. ఆరు కోళ్లు, 21 రోజులు లెక్కేస్తే దగ్గరదగ్గర 14 కిలోలు. అదంతా ఒక్క మడి మీద పడింది. రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి మట్టిలో అది యూరియాగా, ఆ తర్వాత అమ్మోనియాగా మారుతుంది. మొలకల లేత వేళ్లను మాడ్చేది ఆ అమ్మోనియానే. దానికి తోడు ఉప్పులు పేరుకుంటాయి. పశువుల పేడలో సగం అరిగిన గడ్డి ఎక్కువ, కాబట్టి అది నెమ్మది. రెట్టలో నత్రజనికి తోడుగా గడ్డీగాదం లేదు. అందుకే అంత వేడి.

లెక్క ఇలా పెట్టుకోండి. 4x6 మడి మీద నాలుగు పెట్టలు, మూడు రోజులు. మహా అయితే నాలుగు. అంటే కిలోంపావు, రెండు కిలోల మధ్య రెట్ట. కూరగాయల మడికి అది నిండైన మోతాదు. ఆరు కోళ్లుంటే రెండు రోజులకే జరపాలి. గెలుకుడు పనికీ అంత సమయమే కావాలి. మొదటి రెండు రోజుల్లో పెట్టలు పైమట్టిని రెండంగుళాల లోతున తిరగేసి వేరుపురుగులు, గుడ్లు, మొలిచిన కలుపు ఏరుకుంటాయి. నాలుగో రోజు నుంచి అక్కడ పురుగు దొరకదు, వానపాముల కోసం గుంతలు తవ్వుతాయి. ఆ తర్వాత మట్టి స్నానం మొదలుపెడితే మడి మధ్య కుండంత గొయ్యి పడుతుంది. గుంత కనిపించిందంటే మీరు ఆలస్యం చేశారని అర్థం.

వరస ఇది. కాపు అయిపోయిన మొక్కలు పీకండి. ఎండు తెగులు, వెర్రి తెగులు ఉన్నవైతే బయట పారేయండి, కోళ్లు తెగులును తినవు. ముందురోజు సాయంత్రం మడిని తేలికగా తడిపితే గట్టి ఎర్రమట్టి మెత్తబడి పురుగులు పైకొస్తాయి. రెండు మూడంగుళాల మందాన ఎండాకు పరచి, దాని మీద గూడు పెట్టండి. వేప, మామిడి, కానుగ ఏ ఆకైనా పర్లేదు. కోళ్లు ఆ ఆకును రెట్టతో కలిపి ముక్కలు చేస్తాయి. అసలు ఎరువు తయారయ్యేది ఆ కలయికలోనే. ఆకు లేకుండా వట్టి మట్టి మీద ఉంచితే నత్రజనిలో చాలా భాగం గాలిలో కలుస్తుంది, ముక్కుకు తగిలే ఘాటు అదే. గూడు తీశాక పళ్ల పారతో పైమట్టిని మూడంగుళాల మేర కలిపి, మళ్లీ ఎండాకు కప్పి, తడి ఆరకుండా ఉంచండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పచ్చి రెట్టలో సాల్మొనెల్లా వంటి క్రిములుంటాయి. సేంద్రియ సాగులో పాటించే కొలత ఏమిటంటే, మట్టికి తగిలే కాయ, ఆకు, దుంప అయితే పచ్చి ఎరువు పడ్డాక 120 రోజులకు కోయాలి, మట్టికి తగలనిదైతే 90 రోజులకు. మీ పాలకూర, ముల్లంగి మాడకుండా బతికినా 30, 40 రోజులకే కోసేవారు. అది తప్పే. గూడు లేచిన మడికి పందిరి పాదులే సరి: బీర, సొర, కాకర, చిక్కుడు. హైదరాబాద్‌కు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. ఏప్రిల్ చివర టమాటా అయిపోతుంది. మే మొదటి వారంలో గూడు పెట్టి తీసేయండి. మృగశిర దాటి వానలు పడ్డాక, జూన్ చివర బీర గింజ నాటండి. మొదటి కాయ ఆగస్టు మధ్యలో. అప్పటికి 100 రోజులు అవుతాయి. కొత్తిమీర, పుదీనా, క్యారట్, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటిని ఆ ఏడాది గూడెక్కని మడిలో వేసుకోండి.

కోళ్లు తుంగను పోగొడతాయని ఆశించకండి. పైన ఆకు తింటాయి, గడ్డ నాలుగంగుళాల కింద భద్రంగా ఉంటుంది. గరికదీ అదే కథ.

ఈ సీజన్‌కు మీ మడిని బాగుచేయాలంటే పైన రెండంగుళాల మట్టిని ఎత్తి ఎండాకుతో కలిపి కుప్ప వేయండి, మిగతా మడికి రెండుసార్లు నిండుగా నీళ్లు పెట్టి నెలన్నర వదిలేయండి. మొక్కజొన్న లాంటి నత్రజని లాగే మొక్క పశువుల మేతకు చల్లినా మంచిదే. అవిశె వద్దు. అది తన నత్రజని తానే చేసుకుంటుంది, మొక్కజొన్నే చల్లండి.

ప్రశ్న: పొద్దున చూస్తే గూట్లో కోడి చచ్చి పడి ఉంది, తల లేదు. జాలీ ఎక్కడా తెగలేదు. ఇదేం జంతువు?
– శామీర్‌పేట

జవాబు: ఆరు పలకల జాలీయా? అయితే పిల్లి గానీ ముంగిస గానీ బయటి నుంచే లాగింది. బెదిరిన కోడి జాలీ కన్నులోంచి తల బయట పెడుతుంది. ఒళ్లు రాదు కాబట్టి తల మాత్రమే పోతుంది. అరంగుళం జాలీ వేయండి. గూడు చుట్టూ నేల మీద అడుగు వెడల్పున అదే జాలీ ముక్కలు పరచి చట్రానికి తీగతో కట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, వెనక్కి అడుగు దూరం వెళ్లి తవ్వాలని దానికి తట్టదు. గూడు జరిపేటప్పుడు ఈ అంచులు పైకి మడుచుకునేలా కట్టుకోవాలి. గడియ ఒక్కటి చాలదు, గొళ్లానికి కొక్కెం కూడా పెట్టండి. కోతులున్న కాలనీల్లో చిన్న తాళమే వేయాలి.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మేడ మీద తోట. కుండీలు, గ్రో బ్యాగులే. చక్రాల గూడు పెట్టి నాలుగు గ్రామప్రియ కోళ్లు పెంచవచ్చా? ఎండకు తట్టుకుంటాయా?

జవాబు: పది నెలలు పెంచవచ్చు. ఏప్రిల్ నడుమ నుంచి మృగశిర దాకా మాత్రం వాటిని కిందికి దించండి. పార్కింగ్ మూల, మెట్ల కింద, ఎక్కడో నీడ పట్టున. మొహమాటం లేకుండా ఈ మాట ముందే చెప్పాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండకు నగరంలో గాలే 42 డిగ్రీలుంటే, స్లాబు అంతకు మించి కాలుతుంది, అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. 32 డిగ్రీలు దాటితే నోరు తెరిచి రొప్పుతుంది. పగలు రొప్పినా రాత్రి చల్లబడితే కోలుకుంటుంది. మేడ మీద ఆ రాత్రే చల్లగా ఉండదు.

మిగతా నెలలకు ఏర్పాటు ఇలా. స్లాబు బరువుకు భయం లేదు, గూడూ కోళ్లూ కలిపి ఒక మనిషి బరువంత. ఇబ్బంది తడితో. గూడు కింద రేకు తొట్టి పెట్టి, దాన్ని నాలుగు ఇటుకల మీద లేపండి, వాననీరు కింద నుంచి పోవాలి. తొట్టిలో మూడంగుళాల వరి ఊక పోయండి. 4x6 తొట్టికి సుమారు 170 లీటర్ల ఊక పడుతుంది, తూకంలో 20 కిలోలకు మించదు. రంపపు పొట్టు వాడితే మొద్దులు కోసే టింబర్ డిపోలోదే తెచ్చుకోండి. ప్లైవుడ్ కోసిన పొడిలో జిగురు, పురుగుమందు ఉంటాయి. ఊకను రోజూ ఒకసారి కర్రతో తిరగేయాలి, తడిసిన చోటు తీసేసి కొత్తది వేయాలి. పిడికెడు తీసి పిసికితే ముద్ద కట్టిందంటే తడి ఎక్కువ. అమ్మోనియా మీ ముక్కుకు తెలిసేసరికి కోడి కళ్లు అప్పటికే మండుతుంటాయి. వాటి తల ఊకకు మీకన్నా నాలుగడుగులు దగ్గర.

ఇక్కడ గూడు జరపడం కుండీల కోసం కాదు, నీడ కోసం, స్లాబు ఆరడం కోసం. వారానికోసారి చోటు మార్చండి. షేడ్ నెట్టును గూటి కప్పు మీద పరవకండి, 7 అడుగుల ఎత్తున పందిరిలా కట్టండి. నెట్టుకూ కప్పుకూ మధ్య గాలి ఆడకపోతే నెట్టు దుప్పటి పని చేస్తుంది. పడమటి వైపు ఒక్కదానికే తడి గోనెసంచి వేలాడదీయండి. నాలుగు వైపులా కడితే గాలి ఆగి లోపల ఉక్కపోత పెరుగుతుంది, రొప్పే కోడికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. మేత పొద్దున 6 లోపు, సాయంత్రం 5:30 తర్వాత పెట్టండి. తిన్న నాలుగైదు గంటలకు అరుగుదల వేడి ఎక్కువవుతుంది. 10 గంటలకు పెడితే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండతో కలుస్తుంది. నీళ్లు మట్టి మూకుళ్లలో రెండు చోట్ల పెట్టండి. మామూలు రోజుల్లో పెట్టకు పావు లీటరు చాలు, ఎండల్లో అర లీటరు లెక్క. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, నోరు తెరిచి, తల మీది ఎర్ర జుట్టు పాలిపోయి కూర్చుంటే వెంటనే నీడకు తెచ్చి కాళ్లు మామూలు నీళ్లలో ముంచండి, జుట్టు తడపండి. ఐసు నీళ్లు వద్దు. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి పూటపాటు తాగించండి.

జూన్, జూలై గాలులకు మేడ మీది తేలిక గూడు ఎగిరిపోతుంది. నాలుగు మూలలా పదేసి కిలోల ఇసుక సంచులు కట్టండి.

తొట్టిలోని పాత ఊకను కుండీల్లో నేరుగా వేయకండి. ఎండాకుతో కలిపి కుప్ప వేసి, మధ్యమధ్య తిరగేస్తూ రెండు నెలలు మగ్గనివ్వండి. మగ్గాక కుండీ మట్టిలో పదో వంతు కలిపితే చాలు.

ప్రశ్న: మే నెలలో గుడ్డు పెంకు పల్చబడి చేతిలోనే పగులుతోంది. ఆల్చిప్పల గుల్ల బాగానే పెడుతున్నాం.
– ఉప్పల్

జవాబు: ఎండ. కోడి రొప్పినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియం ఉన్నా దానితో కలవాల్సిన రెండో సగం రక్తంలో తగ్గిపోయింది. గుల్ల పెంచినా లాభం తక్కువ, నీడ పెంచండి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట కాబట్టి గుల్లను సాయంత్రం మేతతో ఇవ్వండి. బఠాణీ గింజంత ముక్కలుగా ఉంటే కడుపులో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా అందుతుంది, పొడి అయితే త్వరగా కొట్టుకుపోతుంది. పాలకూర రోజూ వేస్తుంటే తగ్గించండి, అందులోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుంది. బదులు మునగాకు వేయండి. మునగ చెట్టు లేని పెరడు మన దగ్గర అరుదే.

ప్రశ్న: కొన్న దాణా కాక ఇంట్లోనే మేత కలుపుకునే కొలతలు చెప్పండి. వంటింటి మిగులుతో గడవదా?
– మేడిపల్లి

జవాబు: గడవదు. అన్నం, కూర తొక్కలు కడుపు నింపుతాయి, గుడ్డు పెట్టించవు. మిగులు మేతలో పదో వంతు మించకూడదు, అదీ పచ్చళ్లు, ఉప్పు కూరలు, బూజు పట్టినవి కాకుండా. ముఖ్యంగా నల్లబడ్డ పల్లీలు, ముక్కిపోయిన పల్లి చెక్క వద్దు. వాటి మీది బూజు చేసే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడికించినా పోదు.

గుడ్లు పెట్టే పెట్టలకు 10 కిలోల మేత: మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, సోయా చెక్క 2 కిలోల 200 గ్రాములు, నూనె తీసిన తవుడు కిలో 700 గ్రాములు, గుల్ల 900 గ్రాములు, డైకాల్షియం ఫాస్ఫేట్ 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. విటమిన్లు, ఖనిజాలు, మిథియోనిన్ ఉన్న లేయర్ మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. దీనిలో ప్రొటీన్ 16 శాతం పైన, కాల్షియం మూడున్నర శాతం పైన వస్తాయి. మొక్కజొన్నలో సగం దాకా జొన్నలు, సజ్జలు వాడుకోవచ్చు. పెట్టకు రోజుకు 110 గ్రాముల లెక్కన నాలుగింటికి ఇది మూడు వారాలు వస్తుంది. అంతకన్నా ఎక్కువ ఒకేసారి కలపకండి, వానాకాలంలో తవుడు ముక్కుతుంది. ఈ మేతను 18 వారాల లోపు పిల్లలకు పెట్టొద్దు. అంత కాల్షియం లేత మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ప్రశ్న: ఏ కోళ్లు కొనాలి? టీకా సీసా 100 కోళ్లకు వస్తుందట, మాకున్నవి ఐదు. ఏం చేయాలి?
– మొయినాబాద్

జవాబు: గుడ్ల కోసమైతే గ్రామప్రియ. గుడ్డూ మాంసమూ కావాలంటే వనరాజా. రెండూ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే, మీ పక్కనే. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయానిదే. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప, వనరాజా నూరు దాటుతుంది, గ్రామప్రియ అంతకన్నా బాగా ఎక్కువ. వనరాజా బరువైన కోడి, పడుకునే కర్ర రెండడుగుల ఎత్తు మించకుండా పెట్టండి, లేకుంటే దూకి కాళ్లు వాపు తెచ్చుకుంటుంది. గుడ్లకు పుంజు అక్కర్లేదు. పొరుగువాళ్ల నిద్ర కోసం పుంజు లేకపోవడమే మేలు. పాతబస్తీ ముర్గీ చౌక్ లాంటి చోట్ల పక్షులు కొనే సరదా ఉంటే చూడ్డం వరకే పెట్టుకోండి. పది ఊళ్ల కోళ్లు ఒకే బుట్టలో ఉన్న చోట తెగులు కూడా తోడొస్తుంది. ఎక్కడ కొన్నా కొత్తవాటిని మూడు వారాలు వేరే గూట్లో ఉంచాకే కలపండి.

టీకాల్లో తప్పనిది కొక్కెర తెగులుది. ఐదు నుంచి ఏడో రోజున ఆ తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారంలో గంబోరో తెగులు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్-2-బి అనే టీకా సూది అర మిల్లీలీటరు. కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసు మీద ఉండాలి. అందుకే చిన్న సీసా అంటూ లేదని బాధపడకుండా, ఎనిమిది వారాల పైబడిన పెట్టలను, టీకాలు వేసిన తేదీల కాగితంతో సహా కొనండి. ఆర్-2-బి సూదిని మాత్రం కాలనీలో కోళ్లున్న ఇళ్లవాళ్లంతా ఒకే రోజు పెట్టుకుని దగ్గరి పశువైద్యశాల వాళ్లతో వేయించుకుంటే సీసా వృథా కాదు. దానికి పది రోజుల ముందు నులిపురుగుల మందు పట్టించండి. వానపాములు తినే కోళ్లకు పొట్టలో పాములు తప్పవు, కాబట్టి ఆ మందు మూడు నెలలకోసారి కావాలి. మోతాదు డాక్టరు కోడి బరువు చూసి చెప్పాలి, గుడ్డు ఎన్ని రోజులు తినకూడదో కూడా అడగండి.

ఒకేసారి రెండు మూడు కోళ్లు హఠాత్తుగా చచ్చిపోతే కోసి చూడకండి, వండకండి, పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డది కోళ్లు అలా రాలిపోయినప్పుడే.

ప్రశ్న: డిసెంబరు వచ్చిందంటే గుడ్లు సగమైపోతాయి. చలికా?
– అల్వాల్

జవాబు: మన చలి వాటికి చలే కాదు. వెలుతురు తక్కువ. పెట్టకు రోజుకు 14 గంటలు కావాలి, డిసెంబరులో ఇక్కడ పగలు 11 గంటలే. రాత్రి పెట్టెలో 5 వాట్ల ఎల్ఈడీ బల్బు తెల్లవారుజామున 3:30కి వెలిగేలా టైమర్ పెట్టండి. సాయంత్రం వెలిగిస్తే టక్కున ఆరిపోయినప్పుడు కర్ర ఎక్కలేక చీకట్లో తడుముకుంటాయి. ఈకలు రాలుస్తున్న పెట్టలుంటే ఆ రెండు నెలలు బల్బు జోలికి పోకండి, విశ్రాంతి తీసుకోనివ్వండి. దీపావళి టపాసులకు వారం పది రోజులు గుడ్లు తగ్గడం మామూలే.

ప్రశ్న: మా ప్లాటు పాత ఇల్లు కూల్చిన మట్టితో నింపింది. కోళ్లు బలహీనపడి ఒకటొకటే పోతున్నాయి. తెగులు లక్షణాలు లేవంటున్నారు.
– నిజాంపేట

జవాబు: చనిపోయినదాని కందనకాయను డాక్టరుతో కోయించి చూపించండి. అలాంటి నేలలో కోళ్లు మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు మింగుతాయి. థర్మోకోల్ గుండ్లైతే జొన్నలనుకుని ఏరుకు తింటాయి. అవి అరగవు, పేరుకుంటాయి. పాత గోడల రంగు పెచ్చుల్లో సీసం ఉంటుంది, అది గుడ్డులోకీ వస్తుంది. చెదలకు క్లోర్‌పైరిఫాస్ పోసిన పునాది అంచులుంటే అదింకా ప్రమాదం. గూడు పెట్టే మడుల్లో పైన అడుగు మట్టి తీసేసి, చెరువు మట్టి, ఎర్రమట్టి, మగ్గిన పశువుల ఎరువు కలిపి నింపండి. మట్టి జల్లెడ పట్టి, తాడుకు కట్టిన అయస్కాంతాన్ని మడి అంతా ఈడ్చండి, మేకులు ఎన్ని వస్తాయో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా గూడు సిమెంటు గచ్చు మీద, ఊక పోసి ఉంచండి.